కొండను కొలవని కన్ను

నా అసలు పేరు టోటల్ స్టేషన్. మార్కాపురం వైపు 'సర్వే మిషను' అంటేనే తెలుస్తుంది. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పుతారు. అవతల కుర్రాడు పట్టుకున్న ప్రిజం మీదికి కిరణం వదిలితే దూరం, కోణం చెప్పేస్తాను. నాది పాత మోడలు. కోణమైతే తీస్తాను గానీ, ప్రిజం లేనిచోటు ఎంత దూరమో నా లెక్కలోకి రాదు. నల్లమల కొండ అంచున ప్రిజం పట్టుకుని నిలబడేవాడెవడు?

నా బతుకంతా వెంచర్లలోనే. పలకల గనుల చుట్టూ పోసిన రాళ్ళ దిబ్బలు, వాటి పక్కన బీళ్ళు, పడమటి అంచంతా నీలంగా నల్లమల. వేసవిలో ఎండ ముదిరితే గాలి అలల్లా కదిలి ప్రిజం వణుకుతుంది. అందుకే పొద్దున్నే మొదలుపెడతారు. కౌజులు కూసేదీ అప్పుడే. "రేయ్, ఇంకాస్త ఎడంపక్కకు జరగరా" అని మా సర్వేయరు అరిస్తే ఆ కూత ఆగుతుంది. చూపుకు అడ్డమొచ్చిన రేగు, బలుసు కంపను కొడవలితో నరికి లైను చేస్తారు. నా అడుగు నుంచి ఎర్రటి లేజరు చుక్క నేలమీద పడుతుంది, మేకు నెత్తిన కూర్చోవడానికి. ఒకసారి ఆ చుక్క పలక పెచ్చుల మీదుగా పాకుతూ కంప మొదట్లో ఒక గుంట అంచున ఆగింది. ఎండుగడ్డి పరిచి ఉంది, అందులో గుడ్లు. కుర్రాడు స్టాండును రెండడుగులు జరిపాడు, పాపం. నక్షాలో ఆ చోటు నలభై అడుగుల రోడ్డు.

ఇవన్నీ అడిగే కాగితం లేదనుకోకండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో భవనాలకు, టౌన్‌షిప్పులకు ఫారం 1ఏ అని ఒకటుంది. చెట్లు, జంతువుల గురించి అడిగాక, మీ కట్టడం వల్ల ఏదైనా దృశ్యానికి, ప్రకృతి అందానికి అడ్డు వస్తుందా అని కూడా అడుగుతుంది. మంచి ప్రశ్న. కాకపోతే అది 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు, లేదా 50 హెక్టార్లు, అంటే సుమారు 124 ఎకరాలు, ఆపైన లేఅవుట్లకు. పదెకరాల బీడును ప్లాట్లు కొట్టి అమ్మేవాడి గడప అది తొక్కదు. చెరువుకైతే నిబంధన ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, అది నేను సెంటీమీటర్లతో సహా చూపిస్తాను.  మరి కొండ కనబడే దారికి హద్దురాయి ఎక్కడ పాతాలి?

బ్రోచర్లో మాత్రం కొండే ముందుంటుంది. లెక్క నన్నడగండి. కొండ శిఖరం రెండు డిగ్రీల ఎత్తున కనబడుతోందనుకోండి. ఏడు మీటర్ల ఇల్లు నూట యాభై మీటర్ల దూరంలో లేచినా మనిషి కంటికి ఆ శిఖరాన్ని మూసేస్తుంది. అంటే కొండ దక్కేది పడమటి చివరి వరుసకే. అదీ పక్క పొలం వెంచరయ్యేదాకా. పైగా కొనేవాళ్ళకు తూర్పు ఫేసింగే కావాలి. ధర తూర్పుకు, ఫొటో పడమటికి! కొండ వచ్చి స్నానాలగది గోడ వెనక పడుతుంది.

వెలిగొండ ప్రాజెక్టు ముంపు ఊళ్ళ వాళ్ళ కాలనీకీ నన్ను తీసుకెళ్ళారు. సుంకేసుల, గుండంచర్ల లాంటి ఊళ్ళు కొండల నడుమ ఉన్నవి, 53.85 టీఎంసీల నల్లమల సాగర్ జలాశయం కోసం ఖాళీ చేయాల్సినవి. మేకులు కొడుతుంటే ఒక ముసలామె నా పక్కనే చతికిలబడి, "మా ఊళ్ళో పొద్దు కొండచాటుకు బిన్నా పోయేది నాయనా, ఈడ ఎంతకీ దిగదు" అంది. సర్వేయరు "అవునవ్వా" అని, ప్లాటు నంబరు రాసుకున్నాడు.

నష్టపరిహారం పట్టీలో ఇంటికి, చెట్టుకు, బావికి గడులుంటాయి. పొద్దుగుంకే వేళకు ఉండదు. ఉండాలని నేననను, కనీసం రోడ్లు గీసే ముందు ఇలాంటివి చూసి రాయొచ్చు కదా అంటాను. చేయాల్సినవి మూడే: నాలుగు మూలల నుంచి శిఖరం కోణం తీయడం, వానలు పడ్డాక ఒకసారి వచ్చి వాగు ఎటు పారుతోందో, ఏ కంపలో ఏ పిట్ట ఉందో చూడటం, ఒక రోడ్డును పడమటికి సూటిగా వదలడం. మొదటిదానికి ఒక పూట చాలు. బ్యాటరీ ఒక్క చార్జింగుతో సరిపోతుంది.