నా పేరు 18జీ

నేను పుట్టింది బెర్లిన్‌లో, బుండెస్‌డ్రుకెరై అనే ముద్రణాలయంలో. 1879లో చక్రవర్తుల కాలంలో మొదలైన ఆ సంస్థే జర్మన్ల పాస్‌పోర్టులు కూడా అచ్చు వేస్తుంది. నా ఒళ్లు పాలీకార్బొనేటు. లోపల ఒక చిప్పు. అందులో నన్ను జేబులో పెట్టుకు తిరిగే మా అబ్బాయి ఫొటో, రెండు వేలిముద్రలు. ఒంటి మీద అతని ఎత్తు, కళ్ల రంగు. వీటిని చూసుకుని మురిసిపోవడానికేం లేదు. ఈయూ బయటి నుంచి వచ్చి జర్మనీలో ఉంటున్న వాళ్ల కార్డులు దాదాపు అన్నిటికీ ఇవి ఉంటాయి. నన్ను వాటి నుంచి వేరు చేసేది చిన్నక్షరాల్లో ఉన్న సెక్షన్ నంబరు: 18జీ. అంటే ఈయూ బ్లూ కార్డు.

మా వంశం మరీ పాతదేం కాదు. 2011 సెప్టెంబరు 1కి ముందు మాకు శరీరాలే లేవు, పాస్‌పోర్టు పేజీల మీద స్టిక్కర్లుగా బతికేవాళ్లం. అంతకు ముందు, 2000 ఆగస్టులో, ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ కంప్యూటర్ నిపుణుల కోసం 'గ్రీన్ కార్డు' అని ఒకటి తెచ్చాడు. ఇరవై వేల కార్డుల దాకా ఇస్తామన్నాడు. పేరు అమెరికాది, సరుకు మాత్రం వేరు. అమెరికా గ్రీన్ కార్డు శాశ్వత నివాసం. ఇది గరిష్ఠంగా ఐదేళ్లు. పేరు చూసి ఎగిరి గంతేసిన వాళ్లకు ఆ తేడా తర్వాత తెలిసింది. 2004 చివరికి ఆ పథకం ముగిసింది, 2005 జనవరి 1న కొత్త నివాస చట్టం వచ్చింది, 2012 ఆగస్టులో బ్లూ కార్డు వచ్చింది. నా ఇప్పటి సెక్షన్ నంబరు 2023 నవంబరులో పెట్టింది.

మా అబ్బాయిది కాకినాడ. నాకంటే ముందు అతని పర్సులో ఇద్దరు అన్నలు ఉండి వెళ్లారు.

పెద్దన్న 16బీ, చదువు కార్డు. 2020లో మాస్టర్స్‌కి వచ్చినప్పుడు ఇచ్చారు. ఆ కార్డు కావాలంటే సాధారణంగా ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించాలి. 2025లో అది 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున మాత్రమే తీసుకోనిస్తారు. పని చేసుకోవచ్చు గానీ దానికీ లెక్క ఉంది. అప్పట్లో ఏడాదికి 120 పూర్తి రోజులు, 2024 మార్చి నుంచి 140. లోను తీసుకుని వచ్చి, పార్ట్‌టైమ్ డబ్బుతో ఈఎంఐలు కట్టేస్తానని ఊళ్లో చెప్పి వచ్చిన పిల్లలను పెద్దన్న చాలామందిని చూశాడు. ఆ లెక్క తేలదు. ఈ కార్డు చదువుకోవడానికి ఇచ్చింది, సంపాదించుకోవడానికి కాదు.

ఐతే పెద్దన్నలో ఒక సుగుణం ఉంది. డిగ్రీ చేతికి రాగానే వెనకే చిన్నన్న వస్తాడు. అతను సెక్షన్ 20. ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు. ఆ గడువులో ఏ పనైనా చేయొచ్చు, పిజ్జాలు మోయడంతో సహా. మా అబ్బాయి అదీ చేశాడు.

నేను పుట్టే ముందు ఒక గండం గడిచింది. చిన్నన్న గడువు ముగిసిపోవస్తోంది. ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటరు చేతిలో ఉంది, కానీ విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంటు దొరకదు. ఊరి పేరు చెప్పను. మెయిల్ పెడితే జవాబు లేదు, ఫోను ఎత్తరు. కానీ గడువు తీరకముందే దరఖాస్తు పెట్టేశాడు కాబట్టి బతికిపోయాడు. అలా పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత కార్డు హక్కులు కొనసాగినట్టే అని చట్టం చెబుతుంది. దానికి రుజువుగా ఒక కాగితం ఇస్తారు, మనవాళ్లు దాన్ని ఫిక్షన్ సర్టిఫికెట్ అంటారు. ఆ కాగితంతోనే కొత్త ఉద్యోగంలో చేరాడు. కార్డుల గురించి నాకు తెలిసిన విషయాల్లో దీన్నే అన్నిటికంటే ముందు చెబుతాను: అపాయింట్‌మెంటు దొరక్కపోయినా ఫరవాలేదు, దరఖాస్తు మాత్రం గడువు లోపల పడాలి.

2024 మొదట్లో నేను వచ్చాను. నన్ను పొందడానికి డిగ్రీ ఉండాలి, ఆ డిగ్రీకి తగ్గ ఉద్యోగం ఉండాలి, జీతం ఒక గీత దాటాలి. 2025లో ఆ గీత ఏడాదికి 48,300 యూరోలు. ఇంజనీర్లు, డాక్టర్లు, ఐటీ వాళ్లలాంటి కొరత ఉన్న వృత్తులకూ, డిగ్రీ అయి మూడేళ్లు దాటని వాళ్లకూ 43,759.80. ఐటీలోనైతే మూడేళ్ల తగిన అనుభవం చూపిస్తే డిగ్రీ లేకపోయినా దారి ఉంది. బదులుగా నేనిచ్చేది తక్కువేం కాదు. పెన్షన్ చందా కడుతూ 27 నెలలు పని చేసి, ఏ1 స్థాయి జర్మన్ వస్తే శాశ్వత నివాసం. బీ1 వస్తే 21 నెలలే. ఆరు నెలలు దేశం వదిలి వెళ్తే చాలా కార్డులు చెల్లకుండా పోతాయి, నేను 12 నెలలు ఓర్చుకుంటాను. ఇంటి దగ్గర పెద్దవాళ్లున్న వాళ్లకు ఆ ఆరు నెలల తేడా ఎంతో తెలుసు.

నా లోపమూ చెప్పాలి. మొదటి 12 నెలల్లో ఉద్యోగం మారాలంటే విదేశీయుల ఆఫీసుకు తెలియజేయాలి, వాళ్లు కావాలంటే 30 రోజులు ఆపి పరిశీలించవచ్చు. అదే మా కోడలిపిల్ల కార్డు చూడండి. గుంటూరు నుంచి భార్యగా వచ్చింది. బ్లూ కార్డు ఉన్నవాడి భార్య కాబట్టి వచ్చే ముందు జర్మన్ పరీక్ష అడగలేదు. ఆమె కార్డు మీద ఏ పనైనా చేసుకోవచ్చని రాసి ఉంది. ఏ కంపెనీ, ఎంత జీతం, ఎన్ని గంటలు, ఏ గీతా లేదు. నా మీద ఆధారపడి వచ్చిన కార్డు నాకంటే స్వేచ్ఛగా తిరుగుతోంది! ఐతే నాకేమైనా అయితే దానికీ ముప్పే.

ఒకసారి ప్రాగ్ నుంచి తిరిగొస్తుంటే సరిహద్దు దగ్గర రైల్లోకి పోలీసులు ఎక్కారు. మా అబ్బాయి నన్ను తీశాడు, పక్క సీట్లో ఉన్న స్నేహితుడు తన కార్డు తీశాడు. ఆఫీసరు చేతిలో మేమిద్దరం పక్కపక్కన. అదే ప్లాస్టిక్కు, అదే డేగ బొమ్మ. అతనిది మాత్రం ఐసీటీ కార్డు. ఇక్కడి కంపెనీ ఉద్యోగం కాదు, ఇండియాలోని కంపెనీయే తన జర్మనీ శాఖకు పంపింది. జీతం మా అబ్బాయి కంటే ఎక్కువ. కానీ ఆ కార్డుకు గరిష్ఠం మూడేళ్లు, ఆ తర్వాత పొడిగింపు లేదు. మళ్లీ అదే కార్డు మీద రావాలంటే ఆరు నెలలు బయట ఉండాలి. అతని పాప ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో చేరి, తెలుగు కంటే జర్మన్ బాగా మాట్లాడుతోంది. వచ్చేటప్పుడు అతను చూసుకున్నది జీతం, ఫ్లైటు టికెట్టు, కంపెనీ ఇచ్చే ఇల్లు. సెక్షన్ నంబరు చూడలేదు. ఐసీటీ చెడ్డదని నేననను. రెండేళ్లు పని చేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వెళ్లిపోయే వాడికి అంతకంటే సులువైనది లేదు. స్థిరపడదామని వచ్చిన వాడికే అది సరిపడదు.

కిందటి వేసవిలో కోడలిపిల్ల తమ్ముడు ఫోన్ చేశాడు. మెకానికల్ ఇంజనీరు, హైదరాబాద్‌లో నాలుగేళ్ల అనుభవం. నేను బల్ల మీద ఉన్నాను, అంతా విన్నాను.

"బావా, ఆపర్చునిటీ కార్డుకి వచ్చేద్దామనుకుంటున్నా. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు మొత్తం మేమే చూసుకుంటామంటున్నారు. లక్షల్లో అడుగుతున్నారు."

"వీసా ఫీజు ఎంతో తెలుసారా? 75 యూరోలు."

"అది సరే. అక్కడికొచ్చాక ఉద్యోగం చూసుకోవచ్చు కదా బావా?"

అక్కడికెళ్లాక చూసుకుందాం! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆపర్చునిటీ కార్డు 2024 జూన్ 1న వచ్చింది. చదువు, వయసు, భాష, అనుభవం కలిపి ఆరు పాయింట్లు కావాలి. చేతికిచ్చేది ఒక్క ఏడాది. వారానికి సగటున 20 గంటలే పని. అంటే ఏడాది లోపల ఇల్లు వెతుక్కుని, భాష నేర్చుకుని, ఇంటర్వ్యూలు దాటి, మరో సెక్షన్‌లోకి దూకాలి. దూకలేకపోతే సంచి సర్దుకోవాలి.

మా అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. "ముందు అనాబిన్ సైట్లో నీ కాలేజీ, నీ డిగ్రీ చూడు. డిగ్రీ సరితూగుతుందని ఉంటే నీకు పాయింట్ల గొడవే లేదు, నువ్వు నిపుణుడివే. అప్పుడు అక్కడి నుంచే ఉద్యోగాలకు పెట్టు. ఆఫర్ వస్తే సూటిగా పని వీసా."

"బ్లూ కార్డు జీతం ఇవ్వకపోతే?"

"42,000 ఇస్తామన్నా వదులుకోకు. బ్లూ కార్డు రాదు, 18బీ వస్తుంది. నీ వయసు వాడికి దానికి జీతం గీత లేదు, ఇక్కడి వాళ్లకిచ్చేంత ఇస్తే చాలు. మూడేళ్లకి పీఆర్."

నా ఎదుటే నన్ను కాదని తమ్ముడి వరస 18బీని పొగిడాడు. కాస్త చిన్నతనం అనిపించినా, అతను చెప్పింది నిజం. మా తెలుగు పిల్లలు కొందరు బ్లూ కార్డు రాలేదని చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవడం నేను విన్నాను. మా ఇద్దరికీ శాశ్వత నివాసం దగ్గర తేడా కొన్ని నెలలు. ఆ నెలల కోసం ఉద్యోగాన్నే వదులుకోవడం తెలివితక్కువ.

కోడలిపిల్ల తమ్ముడికి పైలట్ ప్లాంటు పరికరాలు చేసే చిన్న కంపెనీలో ఆఫర్ వచ్చింది, 18బీ మీద వస్తున్నాడు. కన్సల్టెన్సీకి పైసా కట్టలేదు. మా అబ్బాయి బీ1 పాసై శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాడు. అది రాగానే ఆఫీసువాళ్లు నన్ను తీసేసుకుంటారు.

ఒక మాట. జీతం గీత పెన్షన్ చందా పరిమితితో ముడిపడి ఉంటుంది, ప్రతి జనవరిలో మారుతుంది. నేను చెప్పిన జీతం అంకెలు 2025వి. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏడాది అంకెలు జర్మన్ ప్రభుత్వ సైట్లోనే చూసుకోండి, ఏజెంటు మాట మీద కాదు.