సులువుల సంత

హోసూరులో ముగ్గురు కుర్రాళ్లు నడిపే వెబ్‌సైట్ల కొట్టు ఒకటుందనుకోండి. బేరాలేమిటి? కృష్ణగిరిలో తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీకి ఒక వర్డ్‌ప్రెస్ సైటు, గులాబీ తోట ఆసామికి ఒక ఆర్డర్ల పేజీ. అవి లాప్‌టాప్‌లో తెరుచుకోవడానికి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్, ఒక సర్వరు ఉంటే చాలు. 2002 నుంచీ జాంప్ అనే ఒక్క ఇన్‌స్టాలరే ఈ మూడూ ఇస్తోంది. అయితే అంత తేలిగ్గా పనైపోతే మనల్ని ఇంజినీర్లని ఎవరంటారు? అందుకే పని సులువు చేసే సాధనాలు కొట్లోకి దిగాయి.

అసలు చిక్కు లేదని కాదు. ఒకడి దగ్గర పీహెచ్‌పీ 7.4, ఇంకొకడి దగ్గర 8.2. సైటు ఒకచోట నడుస్తుంది, మరోచోట చతికిలబడుతుంది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ పైకాన్ సభలో డాకర్‌ను చూపించాడు. అప్లికేషన్‌ను దాని సరంజామాతో సహా ఒక కంటెయినర్‌లో పెట్టేస్తే ఎక్కడైనా ఒకేలా నడుస్తుందన్నమాట. మంచి ఆలోచనే. అక్కడితో ఆగితే బాగుండేది.

కంటెయినర్లు నాలుగయ్యేసరికి అన్నిటినీ కలిపి లేపడానికి కంపోజ్ వచ్చింది. దానికో యామల్ ఫైలు. అందులో స్పేస్‌కు బదులు ట్యాబ్ నొక్కితే మహాపాతకం. మొదట్లో కంపోజ్ కమాండ్ మధ్య హైఫన్ ఉండేది. కొత్త వెర్షన్‌లో అది ఎగిరిపోయింది, 2023లో పాతదానికి మద్దతూ ఆగిపోయింది. పాత వీడియో చూసి టైపు చేసినవాడు తన ఇంగ్లిషునే అనుమానించాలి. యామల్ కష్టమన్నవాళ్ల కోసం డీడెవ్, లాండో, లారావెల్ వాళ్లకైతే సెయిల్. ఆ కష్టం తీర్చే డీడెవ్‌కూ లాండోకూ మళ్లీ సొంత యామల్ ఫైళ్లు! విండోస్‌లోనైనా మ్యాక్‌లోనైనా మామూలు డాకర్ నడవాలంటే అడుగున ఒక లినక్స్ యంత్రం తిరుగుతుండాలి. దాంతో మ్యాక్‌లో ఫైళ్లు నత్తనడక నడిస్తే, వాటిని తోలడానికి మ్యూటాజెన్. ఆ యంత్రాన్ని నడిపే డాకర్ డెస్క్‌టాప్ బరువెక్కిందంటే కొలిమా, ఆర్బ్‌స్టాక్. 250 మంది ఉద్యోగులో, ఏడాదికి కోటి డాలర్ల రాబడో దాటిన కంపెనీలు డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలని 2021లో షరతు పెట్టారు. మనవాళ్లకు ఆ బెంగ లేదు. కోటి డాలర్లు రావాలంటే ముందు ఇవన్నీ ఇన్‌స్టాల్ కావాలి కదా!

ఇంతలో కృష్ణగిరి నుంచి కొత్త కుర్రాడు 8 జీబీ లాప్‌టాప్‌తో పనిలో చేరాడు. అప్పగించిన పని: గుజ్జు ఫ్యాక్టరీ సైటులో ఫోన్ నంబరు మార్చడం. ‘ఒక్క కమాండ్ కొట్టు, అంతా అదే లేస్తుంది’ అన్నారు. కొట్టాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది, మొబైల్ డేటా కరిగింది, 3306 పోర్టులో ఎవరో ముందే కూర్చున్నారని ఎర్రక్షరాలు పడ్డాయి. ఎవరా అని చూస్తే, కాలేజీలో వేసుకున్న జాంప్ తాలూకు డేటాబేస్. పక్క కుర్చీలోవాడు ఓదార్చాడు: ‘మచ్చా, నా మెషిన్‌లో బాగానే నడుస్తోందే!’ ఏ మాట నోరు మూయించడానికి డాకర్ పుట్టిందో, ఆ మాటే ఇన్ని అంతస్తులూ ఎక్కి వచ్చి పలకరించింది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఇరవై సర్వీసులు, వందమంది డెవలపర్లు ఉన్న ఆఫీసుకు ఈ సరంజామా అవసరమే. అక్కడ డీడెవ్ లాంటివాటిని చూసుకోవడానికి మనుషులుంటారు, అవి చెడితే బాగుచేసే జట్టూ ఉంటుంది. ఒక పీహెచ్‌పీ, ఒక డేటాబేస్ ఉన్న సైటుకు వెర్షన్ నంబర్లు రాసిన ఒక పేజీ కాగితం చాలు. ఈ సంగతి మన ముగ్గురికీ తెలుసు. తెలిసీ ఎందుకు పెట్టారంటారా? అట్టిబెలె దాటి బెంగళూరులో ఉద్యోగం పట్టాలంటే రెజ్యూమేలో డాకర్ ఉండాలి. ఆ శిక్షణకు ఫీజు కడుతున్నది గుజ్జు ఫ్యాక్టరీ ఆసామి. బిల్లులో మాత్రం దాని పేరు ‘వెబ్‌సైటు నిర్వహణ’.