డెబ్బైకి ఎన్ని మార్కులు?

అమెరికాలో సేకరణ నాణేలకు గ్రేడింగ్ సంస్థలు 70కి మార్కులేస్తాయి. 1949లో షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. మార్కు చీటీతో నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తారు. మార్కు నచ్చకపోతే ఆ డబ్బా పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపొచ్చు. ఒక్క మార్కు పెరిగినా ధర ఎక్కడికో పోతుంది. నాణెం మాత్రం, పాపం, అదే! నిజాం చార్మినార్ రూపాయిని డబ్బాలో పెట్టినా అంతే. కొనేవాళ్ల కళ్లు మీనార్ల మీద కాదు, చీటీ మీద.

కామారెడ్డి, ఎల్లారెడ్డి కిరాణా కొట్లలో ఈ తంటా లేదు. పది రూపాయల బిళ్ల గల్లా దగ్గర పెట్టగానే గ్రేడింగ్ అయిపోతుంది: "ఇది నడ్వదన్నా!" అప్పటివరకు వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. చెప్తే? చిల్లర బదులు చాక్లెట్ మాత్రం ఏ మార్కులూ లేకుండానే చెల్లుతోంది.