పెద్దసారొచ్చిండు, మైకు పెట్టుండ్రి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ హైస్కూలుకైనా కొత్త హెడ్మాస్టర్ వచ్చాడంటే ఆ కబురు మొదట చేరేది బస్టాండు పక్కన హోటలుకు. "కొత్త పెద్దసారు వచ్చిండట. హన్మకొండ నుంచి అప్ అండ్ డౌనట." మొదటి ముక్క వెంట రెండోది రాకుండా నేనెప్పుడూ వినలేదు. మా పెద్దసార్లు కాపురం ఉండేది హన్మకొండలో, ఉద్యోగం చేసేది బస్సు పోయినంత దూరంలో.

జాయినైన రెండు మూడు రోజులకే జూన్ 12 వస్తుంది. తెలంగాణలో బడులు తెరిచే రోజు. ఊరిని కూర్చోబెట్టి కొత్త విద్యా సంవత్సరానికి స్వాగతం పలకాలి. ఆఫీసు బీరువా తాళంచెవి అటెండర్ దగ్గరుందో లేదో ఆయనకింకా తెలియదు. అసలు అటెండర్ ఉన్నాడో లేదో కూడా తెలియదు. అయినా ఉపన్యాసానికి ఢోకా లేదు. అది ఎప్పుడో తయారై ఉంటుంది. అందులో ఒక పేరా మాత్రం ఖాళీగా ఉంచుకుని, దిగిన ఊరిని బట్టి నింపుకోవాలి. పాలకుర్తి వైపైతే పాల్కురికి సోమనాథుడు, పక్కనే బమ్మెర కాబట్టి పోతన. దేవరుప్పుల మండలమైతే కడవెండి, దొడ్డి కొమరయ్య, 1946 జులై 4. మానుకోట, అదే మహబూబాబాద్ దిక్కైతే తెలంగాణ ఉద్యమం, 2010 మే 28, రైల్వేస్టేషను, కంకర రాళ్లు. భూపాలపల్లి అయితే మరీ సులువు, జిల్లా పేరులోనే జయశంకర్ సారు ఉన్నాడు. ఆయన పుట్టిన అక్కంపేట ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉందన్న సంగతి ఆ పూట ఎవరూ ఎత్తరు. కవులూ వీరులూ పుట్టిన గడ్డ మీద తనకు పని చేసే భాగ్యం దక్కిందంటాడు పెద్దసారు. ఆ గడ్డ మీద బడికి ప్రహరీ గోడ లేదన్నది తర్వాత పేరాలో వస్తుంది. ఆ పేరాకు టైం చాలదు.

మహబూబాబాద్‌కు వచ్చిన పెద్దసారుకు మాత్రం ఇంకో చిక్కుంది. 2025 పదో తరగతి ఫలితాల్లో ఆ జిల్లా 99.29 శాతంతో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. రాష్ట్రం మొత్తం మీద పాసైనవాళ్లు 92.78 శాతం. దండలు, శాలువాలు, ఫొటోలు అన్నీ అయిపోయాక ఈయన దిగాడు. ఇక చేసి చూపించడానికి ఆయనకు మిగిలింది 0.71 శాతం. పెరిగితే పాత పెద్దసారు వేసిన పునాది, తగ్గితే కొత్త పెద్దసారు చేసిన నిర్వాకం. ఆ ఏడు 73.97 శాతంతో ఆఖరున ఉన్న వికారాబాద్‌కు వెళ్లిన హెచ్‌ఎమ్మే నిజమైన అదృష్ట జాతకుడు. అక్కడ ఊరికే కూర్చున్నా ఎక్కడమే గానీ దిగడం ఉండదు.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11 దాకా చాలామటుకు వరంగల్ జిల్లాలోనివే. ఒక జిల్లా, ఒక డీఈవో, ఒక ఆఫీసు మెట్లు. ఇప్పుడు జనగామ యాదాద్రి జోన్‌లో ఉంది, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో, భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో. అంటే నరసింహస్వామి ఒకటి, రాములవారు ఒకటి, ముక్తీశ్వరుడు ఒకటి పంచుకున్నారు. అదీ చాలక జనగామను రెండో మల్టీజోన్‌లో, మిగతా రెంటినీ ఒకటో మల్టీజోన్‌లో వేశారు. ఉద్యోగులను కొత్త జిల్లాలకు, జోన్లకు పంచుతూ 2021 డిసెంబరు 6న వచ్చిన 317 జీవో పుణ్యమా అని భార్య ఒక దేవుడి దగ్గర, భర్త ఇంకో దేవుడి దగ్గర ఉద్యోగం చేసిన ఇళ్లు ఎన్నో. బదిలీ కోసం ఏ కొండకు మొక్కుకోవాలో టీచర్లకు తేలక, మంత్రిగారి ఇంటికి పోవడం మొదలుపెట్టారు.

సరే, స్వాగతం సంగతికి వద్దాం. అసలు స్వాగతం బడిలో జరగదు, వాడకట్టులో జరుగుతుంది. దాని పేరు ప్రొఫెసర్ జయశంకర్ బడిబాట. 2024లోనూ, 2025లోనూ జూన్ 6 నుంచి 19 దాకా నడిచింది. మిరుగం, అదే మృగశిర కార్తె, జూన్ 8కి అటూ ఇటూ. పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను కలవమన్న పెద్దమనిషి ఏ శాఖవాడో గానీ వ్యవసాయ శాఖవాడు మాత్రం కాదు. తలుపులకు తాళాలు, అరుగు మీద ముసలవ్వ. పెద్దసారు దండం పెట్టి కరపత్రం చేతిలో పెడతాడు. ఇంగ్లిష్ మీడియం, ఉచిత పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్న భోజనం, వారానికి మూడు గుడ్లు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు. అవ్వ ఓపికగా అంతా వింటుంది.

"మంచిదే బిడ్డా. మరి బస్సున్నదా?"

ఇక్కడ పెద్దసారు ఓడిపోతాడు. బీఈడీ, ఎంఈడీ, డిపార్ట్‌మెంట్ టెస్టులు, ముప్పై ఏళ్ల అనుభవం, అన్నీ కలిపినా ఒక పసుపుపచ్చ బస్సుకు సాటిరావు. అది పొద్దున్నే మోరి దాటి, తండా మలుపు తిరిగి, ఇంటి ముందు హారన్ కొడుతుంది. లోపల చదువు ఎట్లా ఉంటుందో అవ్వకు తెలియదు. హారన్ మాత్రం బాగా వినబడుతుంది.

రెండో ప్రశ్న ఇంకా ప్రమాదకరం. "సారూ, మీ పిల్లలు ఏ బడిల సదువుతున్నరు?" బడిబాటలో పెద్దసారును ముందు నడిపించేది ఇందుకే. గెజిటెడ్ హెచ్‌ఎం అయ్యేసరికి ఏభై దాటుతాయి. "మా పిల్లలు పెద్దోళ్లయిండ్రమ్మా, ఒకడు బెంగళూరుల, ఒకామె అమెరికాల" అని తప్పించుకోవచ్చు. కుర్ర టీచర్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఆ ప్రశ్న వచ్చే సమయానికి వాళ్లంతా పక్క గల్లీలో గోడకు పోస్టర్ అంటిస్తుంటారు.

2024లో స్వాగతం పలికిన పెద్దసార్ల అనుభవమైతే శాసనం చెక్కించదగ్గది. జూన్ 12న చేతుల మీదుగా కొత్త పుస్తకాలు పంచారు, ఫొటోలు దిగారు. ఆ వెంటనే తెలుగు పుస్తకాలు వెనక్కి తీసుకోండని ఆదేశం. ముందుమాటలో ముఖ్యమంత్రిగా కేసీఆర్ పేరే ఉంది, ప్రభుత్వం మారి అప్పటికి ఆరు నెలలు. ఇచ్చిన చేతులతోనే గుంజుకున్నారు. కొత్త సంవత్సరంలో పిల్లలు నేర్చిన మొదటి పాఠం అది, సిలబస్‌లో లేకపోయినా. నాకు అర్థం కానిది వేరే ఉంది. పిల్లలు ముందుమాట చదివేస్తారేమోనని భయపడిన వాళ్లకు మన చదువుల మీద ఎంత నమ్మకం! ఇరవై ఏళ్లుగా అదే సబ్జెక్టు చెప్పే పండితులు కూడా ఆ పేజీ తెరిచి ఎరుగరు.

ఇన్నేళ్లలో ఇన్ని స్వాగతోపన్యాసాలు విన్నాక, నిజం చెప్పే పెద్దసారు ఒక్కడు తగిలితే ఎట్లా ఉంటుందా అని నాకొక ఊహ. మైకు రెండుసార్లు తట్టి ఆయన ఇట్లా అంటాడు:

"ఊరి పెద్దలకు, తల్లులకు నమస్తే. నన్ను మీరు ప్రధానోపాధ్యాయుడు అంటున్నరు. తీరిక దొరికిననాడు ఉపాధ్యాయుడిని కూడా అవుత. పొద్దున రాంగనే ముఖం చూపియ్యాలె. మీకు గాదు, ఫోనుకు. 2025 ఆగస్టు 1 సంది మా హాజరు ముఖం చూసే వేస్తున్నరు. సిగ్నల్ కోసం నేను వాటర్ ట్యాంకు కాడ ఫోను ఎత్తిపట్టుకొని తిరుగుతుంటే, సారు బడి ఎగ్గొట్టిండని అనుకోకుండ్రి. నేను వచ్చిన్నని రుజువు చేసుకుంటున్న. తర్వాత పిల్లల హాజరు, తర్వాత ఎందరు తిన్నరు, ఎన్ని గుడ్లు ఉడికినయ్. అన్నిటికీ ఫోటోలు పెట్టాలె.

మీ పిలగాని పేరు ఆధార్‌ల బానోత్ అని ఉంటది, మా రిజిస్టర్ల బానోతు అని ఉంటది. పిలగాడు ఒక్కడే, ఎదురుగనే నిలబడ్డడు. అయినా కంప్యూటర్ ఒప్పుకోదు. రెండూ కలిస్తెనే పన్నెండంకెల అపార్ నంబరు వస్తది. అది రాకుంటే నాకు ఫోన్లు వస్తయ్. మీవోనికి పన్నెండో ఎక్కం రాలేదని ఇంతవరకు పైనుంచి ఒక్క ఫోను రాలేదు. యూడైస్ పోర్టల్‌ల వాని ఎత్తు, బరువు నింపలేదని మాత్రం రాత్రి తొమ్మిదింటికి వాట్సప్ గ్రూపుల నా బడి పేరు ఎర్రరంగుల పెడతరు. పెట్టేది ఎంఈవో సారు. ఆయన మీద కోపం లేదు. ఆయన కూడా ఇంకో బడికి నాలెక్క హెచ్‌ఎమ్మే, ఇది ఇన్‌చార్జి. జిల్లా గ్రూపుల ఆయన మండలం ఎర్రగ ఉంటది.

ఇగ బిల్డింగు. 2022 మార్చి 8న వనపర్తిల మన ఊరు-మన బడి మొదలుపెట్టిండ్రు. 26,065 బడులు, 7,289 కోట్లు, పన్నెండు తీర్ల పనులు. ప్రభుత్వం మారినంక 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయ్. మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, నేను కన్వీనర్. అంటే ఆమె సంతకం, నా పరుగు. మొదటి పథకంల గోడ లేచింది, రెండో పథకంల రంగు పడ్డది, రెంటి నడుమ కిటికీ రెక్క పోయింది. అది ఏ పథకం కిందికి వస్తదో తేలేదాక అట్టముక్క పెట్టినం. వానొస్తే ఆ మూలకు కూసునే పిల్లలు ఈ మూలకు వస్తరు. దీన్నే మేము రిపోర్టుల కృత్యాధార బోధన అని రాస్తం.

ఊడ్చేటందుకు కూడా పైసలిస్తున్నరు, అబద్ధం చెప్ప. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి నెలకు 3,000. మిరపకాయ ఏరవోతె వచ్చే కూలి ముందట ఇది ఏపాటిదో మీకు తెలుసు. బాత్రూములు కడిగేటందుకు మనిషి దొరికితే మీరే చెప్పుండ్రి, సన్మానం చేద్దాం."

ఇట్లా మాట్లాడే పెద్దసారు ఉండడు. ఉంటే సాయంత్రానికల్లా షోకాజు నోటీసు వస్తుంది, అది కూడా వాట్సప్‌లోనే. కాబట్టి మన సారు ఖాళీ నింపుకున్న ఉపన్యాసమే చదువుతాడు. అది వినడానికి వచ్చినవాళ్లు తక్కువే గానీ, దానికీ ఉపాయం ఉంది. ఫోటోగ్రాఫర్‌గా మారిన పీఈటీ, ముందు రెండు వరుసలే ఫ్రేములో పడేలా మోకాళ్ల మీద కూర్చుంటాడు.

అయినా ఈయన అదృష్టవంతుడే. 2024-25 యూడైస్ లెక్కల్లో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు మన రాష్ట్రంలో 2,245 తేలాయి. వాటిలో లెక్కకు 1,016 మంది టీచర్లు. అక్కడ స్వాగతోపన్యాసం ఎట్లా ఇస్తారో ఒకసారి వెళ్లి వినాలని నా కోరిక. క్రమశిక్షణ సమస్య లేదు, గుడ్లు తక్కువపడవు, పేర్లు కలవని ఆధార్ లేదు, ఫెయిలయ్యేవాడు అసలే లేడు. ఆ లెక్కన మహబూబాబాద్ కూడా వాళ్ల వెనకే.

ఉపన్యాసం ముగిశాక సన్మానం. ఇక్కడొక చిన్న వివరం. పదవీ విరమణ వయసును 2021లో 58 నుంచి 61కు పెంచారు. దాంతో మూడేళ్లు ఎవరూ కదల్లేదు, తర్వాత వరుసగా దిగడం మొదలైంది. దశాబ్దాలు ఎదురుచూసి గెజిటెడ్ కుర్చీ ఎక్కిన చాలామందికి ఆ కుర్చీ వెచ్చబడేలోపే పెన్షన్ కాగితాల వేళవుతోంది. కమిటీ అధ్యక్షురాలు శాలువా కప్పి, దండ వేసి, పక్కన కుర్చీలో కూర్చుంటూ అడిగింది.

"సారూ, ఇంక ఎన్నేండ్లు ఉంటరు మా కాడ?"

"వచ్చే జనవరి దాకనమ్మా. ముప్పై ఒకటో తారీకు రిటైర్మెంట్."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి సంఘం లీడర్ చెవిలో చెప్పింది. మైకు బందు చేయనందువల్ల అది ఊరంతా విన్నది.

"మల్ల జనగామ దాక ఏం పోతవ్ గానీ, గా శాలువా అసొంటిదే ఇంకోటి ఇప్పుడే తెచ్చి పెట్టు. రెండు తీసుకుంటె బేరం తగ్గుతది."