పట్టపగలే చుక్కలు

రెవెన్యూ శాఖలో రైతుకు కొరుకుడుపడని మాటలు కొల్లలు. అడంగల్, జమాబందీ, పోరంబోకు, ఫసలీ... అక్బరు నాటి ఫసలీ లెక్క తహసీల్దారు కచేరీలో నేటికీ నిక్షేపంగా నడుస్తోంది. దానికి 590 కలిపితే గాని మనం ఏ ఏట ఉన్నామో తేలదు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే రాసిన రిజిస్టరుకు డైగ్లాట్ అని పేరు పెట్టారు, రెండు భాషలవాళ్లకూ సమానంగా అర్థం కాకూడదని కాబోలు. అయినా ఇవి మాటలే. నాలుగు కాఫీలు పోయిస్తే ఊళ్లో పాత కరణంగారి మనవడైనా అర్థం చెబుతాడు. అసలు మాటే కానిదానికి అర్థం ఎవరు చెప్పాలి?

చుక్క సంగతి అంటున్నాను.

తెల్లదొరల హయాంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాశారు. ఆర్.ఎస్.ఆర్. అంటారే, అదే. హక్కుదారు ఎవరో తేలనిచోట పట్టాదారు పేరుండాల్సిన గడిలో గుమస్తా వరసగా చుక్కలు పెట్టి, పక్క సర్వే నంబరుకు వెళ్లిపోయాడు. ఆ పూట ఆయనకేం తొందరో! దొరలు పోయారు, గుమస్తా పోయాడు. 1984లో కరణాలూ మునసబులూ పోయారు. రాష్ట్రం కలిసింది, విడిపోయింది. చుక్క చెక్కుచెదరలేదు.

పైగా దానికి ప్రమోషన్ వచ్చింది. పేరు లేదంటే భూమి సర్కారుదేనని, 22-ఎ నిషేధిత జాబితాకెక్కించారు. ఇక ఆ పొలాన్ని అమ్ముకోలేరు, బ్యాంకు తాకట్టు పట్టదు, పిల్ల పెళ్లికి అక్కరకు రాదు. తాతముత్తాతల నుంచి కట్టిన శిస్తు రసీదులు ఓడిపోతాయి, చుక్కలు నెగ్గుతాయి. దున్నేవాణ్ని సాక్ష్యాలడిగే ఆఫీసు, ఈ చుక్క ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని మాత్రం అడగదు. "చుక్కల భూమండీ, కాదు" అన్న జవాబు కాసేపటికి "చూద్దాం లెండి"గా మారుతుంది. ఆ రెండింటి మధ్య చేతులు మారేదానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

2017లో ఆంధ్రప్రదేశ్ చుక్కల కోసం ఏకంగా చట్టమే చేసింది. పన్నెండేళ్లకు పైగా భూమి తన అనుభవంలో ఉందని రైతు కాగితాలతో రుజువు చేసుకోవాలి, కలెక్టరుగారి కమిటీ కూర్చుని తేల్చాలి. చుక్క పెట్టడానికి గుమస్తాకు క్షణం పట్టింది, తీయడానికి జిల్లా యంత్రాంగం కావాలి! 2023లో 2 లక్షల ఎకరాలకు పైగా జాబితా నుంచి తప్పించామని ప్రభుత్వం బహిరంగసభ పెట్టి మరీ చెప్పింది. మంచిపనే, కాదనను. కాకపోతే తాళం వేసిందీ సర్కారే, తీసిందీ సర్కారే. చప్పట్లు కొట్టాల్సింది మాత్రం ఇన్నాళ్లూ గుమ్మం బయట నిలబడ్డవాడు.

అయ్యా, ఏలినవారూ! పేరు రాయనిది మీ గుమస్తా. ఆ భూమి మీదేనంటారా, రుజువులు మీరే తెచ్చుకోండి. ఈసారి అర్జీ మీరు పెట్టండి, రైతు కూర్చుని విచారిస్తాడు.