పిట్ట పార్టీ, చిట్టి పార్టీ

2010లో విప్పి పక్కన పెట్టిన చిట్టి రోబోను 2018 నవంబరు 29న దర్శకుడు శంకర్ మళ్లీ బిగించి '2.0' సినిమా అన్నారు. దాంతో తిమ్మాజిపేట పిట్ట పార్టీ, చిట్టి పార్టీ అని రెండుగా చీలింది. డిసెంబరు 7న తెలంగాణ అసెంబ్లీ ఓట్లు పెట్టుకుని ఊరికి ఇంకో రెండు పార్టీలు తక్కువైనట్టు!

"మస్తుగున్నది!" అంది ఒక బెంచీ.

"కథేదిరా?" అంది ఎదుటి బెంచీ.

"త్రీడీ అద్దాలు పెట్టుకోలేదా ఏంది?"

"పెట్టుకున్న. అయినా కనవడలే."

చేతిలో సెల్లు గాల్లోకి ఎగిరిపోతే పిట్ట పార్టీ వాళ్లు నమ్ముతారట. పావురాలెక్కి బుల్లి రజనీలు వస్తేనే మరీ విడ్డూరమట. నమ్మకానికీ ఓ హద్దుండొద్దూ!

సినిమాను అందరికంటే సీరియస్‌గా తీసుకున్నది మాత్రం సెల్ కంపెనీల సంఘమే. ఫోన్లు, టవర్ల మీద లేనిపోని భయాలు పుట్టిస్తోందంటూ విడుదల ముంగిట సెన్సార్ బోర్డు గడప తొక్కింది. పిట్టల తరఫున అర్జీ పెట్టిన సంఘమేదీ మన చెవిన పడలేదు.

సంఘం వారు నిశ్చింతగా ఉండొచ్చు. సెల్లు వాడితే పిట్టలు చస్తాయన్న సినిమా మీద ఇక్కడ చర్చ తెల్లవార్లూ నడిచింది, వాట్సాప్‌లోనే. సిగ్నల్ అందక పిట్ట పార్టీ మొత్తం లేచి టవర్ కిందికి చేరింది.