బండి మనదైతే భూమి ఎవరిదైతేనేం?

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాడికి ఇల్లు, టెస్లా, కాస్ట్‌కో కార్డు సమకూరాక కూడా ఒక లోటు మిగిలిపోయిందని ఈమధ్యే కనిపెట్టారు. ఆ లోటు పేరు ఏటీవీ. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునే సీటు, వీధి చివరిదాకా వినిపించే ఇంజను. కొన్న ప్రతివాడూ చెప్పేది ఒకటే మాట: "ఇది వెళ్ళలేని చోటు లేదండీ." నిజమే. వెళ్ళలేని చోటు లేదు. వెళ్ళనిచ్చే చోటే లేదు.

ఈ సంగతి బిల్లు కట్టాక గాని తట్టదు. ఆలు లేదు, చూలు లేదు, గరాజ్‌లో మాత్రం సోమలింగం సిద్ధంగా ఉన్నాడు. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో ఇల్లు. పెరడు ఎంతంటే, రివర్స్ వేస్తే కంచె, ముందుకు పోనిస్తే వంటగది. పోనీ వీధిలో ఓ చుట్టు తిరిగొద్దామంటే టెక్సస్ చట్టం మామూలుగా దీన్ని రోడ్డెక్కనివ్వదు. పొలం పనిమీద వెళ్ళే రైతుకు సడలింపు ఉంది. పగటిపూట, నారింజ రంగు జెండా కట్టుకుని పోవచ్చు. సాఫ్ట్‌వేర్ రాసేవాడు రైతునని నిరూపించుకోవాలంటే కరివేపాకు కుండీ ఒక్కటే సాక్ష్యం. అసలు చట్టందాకా ఎందుకు? తారు రోడ్డు మీద నడపొద్దని తయారుచేసినవాడే బండికి స్టిక్కర్ అతికించి మరీ అమ్మాడు. లావు టైర్లు, అందులో రవ్వంత గాలి. మెత్తటి నేల కోసం చేసిన బండి తారు మీద మలుపు తిరిగితే బోల్తా కొట్టే ప్రమాదం ఉంది. మనవాడు ఆ స్టిక్కర్‌ను ఒక్కసారే చదివాడు, అదీ ఎలా పీకాలో చూసుకోవడానికి.

ఇంటిదగ్గర చోటు లేదు కనక దూరంగా వెతకాలి. దూరం వెళ్ళాలంటే ట్రైలర్ కావాలి. ట్రైలర్‌ను టెస్లాతో లాగించడానికి మనసొప్పదు, పికప్ ట్రక్కు కావాలి. రెండూ వచ్చి ఇంటిముందు నిలబడ్డ వారానికి కాలనీ సంఘంవారి ఉత్తరం: వీధిలోకి కనబడేట్టు ట్రైలర్ పెట్టరాదు. దానికి ఊరి బయట నెల అద్దెకు స్టోరేజీ. కౌపీనాన్ని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవుకోసం పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనకు కొత్త కాదు. ఆ సన్యాసికి చివరికి గోచీ అయినా దక్కింది.

శనివారం తెల్లవారుజామున స్టోరేజీకి వెళ్ళి, ర్యాంపు దించి, బండి ఎక్కించి, నాలుగు మూలలా రాచెట్ పట్టీలు బిగించి, లైట్ల ప్లగ్గు తగిలిస్తే ఎడమవైపు ఇండికేటర్ వెలగదు. దానితో ఓ అరగంట కుస్తీ. తర్వాత హ్యూస్టన్ దారిలో మూడు గంటల పైచిలుకు పోతే శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్. అక్కడ సుమారు 85 మైళ్ళ బాట ఉంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి 16 డాలర్ల స్టిక్కర్ అంటించుకుని దర్జాగా తిరగొచ్చు, వాన పడకపోతే. నేల నానితే బాట పాడవుతుందని మూసేస్తారు. బురద చిమ్మడానికే పుట్టిన బండికి, బురద ఉంది కనక రావద్దంటారు! మనవాడు గేటు ముందు సెల్ఫీ దిగి వెనక్కి తిరుగుతాడు. "వీకెండ్ వైబ్స్" అని పెడతాడు. నూటయాభై లైకులు.

ఇంత తతంగానికి మూలం ఏమిటా అని చూస్తే చరిత్ర భలే ఉంటుంది. 1960ల చివర్లో అమెరికాలోని హోండా డీలర్లకు చలికాలం వస్తే మోటారుసైకిళ్ళు అమ్ముడుపోయేవి కావు. మంచులోనూ అమ్ముడయ్యే సరుకేదైనా ఇవ్వమని అడిగారు. అలా పుట్టింది 1970లో వచ్చిన మూడు చక్రాల యూఎస్90. అంటే ఏ నేలా ఈ బండి కావాలని అడగలేదు. అడిగింది ఈగలు తోలుకుంటున్న షోరూము. ఆ మూడు చక్రాలవి తెగ బోల్తాపడి ప్రాణాలు తీస్తున్నాయని 1988లో కంపెనీలు ప్రభుత్వంతో రాజీపడి కొత్తవి అమ్మడం మానేశాయి. నాలుగో చక్రం అప్పటికే వచ్చింది. ఎక్కడ నడపాలన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ ట్రైలర్ మీదే తిరుగుతోంది.

ఇక అసలు వాదానికి వద్దాం. "అంత ఖాళీ భూమి పడి ఉంది, ఓ రౌండు వేస్తే అరిగిపోతుందా?" ఈ మాట అననివాడిని నేనింతవరకు చూడలేదు. టెక్సస్‌లో సుమారు 95 శాతం భూమి ప్రైవేటుది. హైవే పక్కన కనుచూపు మేర పరుచుకున్న గడ్డి ఎవరో ఒకరి పశువుల మేత. అక్కడ బోర్డు కూడా ఉండక్కర్లేదు. 1997 నుంచి టెక్సస్‌లో చెట్టుకో, కంచె గుంజకో ఊదారంగు గీత ఉంటే చాలు, లోపలికి రావద్దన్నట్టేనని చట్టం ఒప్పుకుంటుంది. నిలువు గీత, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేలకు 3 నుంచి 5 అడుగుల ఎత్తులో. ఇంతకన్నా మర్యాదగా "పోవయ్యా" అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మనవాడు ఆ గీతను చూసి, "భలే కలర్, ఫొటో తియ్యి" అంటాడు.

మనవాడి తండ్రి తెనాలి పక్క పల్లెలో రైతు. విజిటర్ వీసా మీద వచ్చాడు. గరాజ్‌లో బండి చుట్టూ రెండుసార్లు తిరిగి టైరు నొక్కి చూశాడు.

"దీనికి నాగలి తగిలిస్తారంట్రా?"

"లేదు నాన్నా."

"పోనీ, మందు కొట్టే డ్రమ్ము?"

"లేదు నాన్నా, ఊరికే తిరగడానికి."

"ఎవరి చేలో?"

ఆ ప్రశ్నకు జవాబు లేక కొడుకు పార్టీకి టైమవుతోందన్నాడు. నిజానికి పెద్దాయన అడిగినట్టే అక్కడి రైతులు ఈ బండితో పనులు చేసుకుంటారు. మందు కొడతారు, కంచెలు చూసుకుంటారు, దూడల్ని మళ్ళిస్తారు. వాళ్ళకు ఎక్కడ నడపాలన్న బెంగ లేదు. పొలం ముందుంది, బండి తర్వాత వచ్చింది.

మనిషిది కాని భూమి కూడా ఖాళీ కాదు. కాలిఫోర్నియాలోని ఓషియానో ఇసుక దిబ్బల్లో స్నోయీ ప్లోవర్ అనే చిన్న పిట్ట గూడు కూడా కట్టదు; ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. దానికోసం మార్చి నుంచి సెప్టెంబరు దాకా కొంత తీరాన్ని కంచె వేసి మూస్తారు. 2021లో అక్కడి కోస్టల్ కమిషన్ మూడేళ్ళలో ఈ బండ్లను మొత్తం ఆపేయాలని తీర్మానిస్తే బండ్లవాళ్ళు కోర్టుకెక్కారు. పిట్టకు వకీలును పెట్టుకునే స్తోమత లేదాయె. యూటాలో మోఆబ్ చుట్టూ ఎడారి నేల మీద నల్లటి పెచ్చులాంటి పొర ఉంటుంది. సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచే పొర అది. చక్రం దాటడానికి ఒక క్షణం. పొర మళ్ళీ కట్టడానికి దశాబ్దాలు. అయినా పైకి చూడ్డానికి మట్టేగా!

ఇదంతా పర్యావరణం పిచ్చివాళ్ళ గోల అనేవారు ఒక పేరు గుర్తుంచుకోవాలి: నిక్సన్. తర్వాత వాటర్‌గేట్‌లో ఇరుక్కున్న ఆ మహానుభావుడే 1972లో ఉత్తర్వు ఇచ్చాడు, ప్రభుత్వ భూముల్లో ఈ బండ్లకు చోట్లు నిర్ణయించండి, నేలకూ జంతువులకూ సాటి మనుషులకూ చేటు తగ్గించండి అని. 1977లో కార్టర్ దాన్ని బిగించాడు. 2005లో అటవీ శాఖ, పటంలో గీత ఉన్న దారిలోనే బండి, గీత లేనిచోట లేదు అని నిబంధన పెట్టింది. "ప్రజల భూమిని ప్రజలకే కాకుండా చేస్తున్నారు" అని గగ్గోలు లేచింది. ప్రజలను ఎవరూ ఆపలేదు. నడిచి వెళ్ళొచ్చు. ఆగమన్నది సైలెన్సర్‌ను.

మనదేశంలో మాత్రం ఏం తక్కువ తిన్నాం? సముద్రపు ఒడ్డున డబ్బులిచ్చి ఇసుకలో రౌండ్లు కొట్టే సరదా మనకూ పట్టింది. మన కోస్తాకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఏటా చలికాలం చివర గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. అటవీ శాఖవాళ్ళు రాత్రిళ్ళు తిరిగి గుడ్లు ఏరి హేచరీల్లో పొదిగిస్తారు. ఏరగా మిగిలిన గూళ్ళలోంచి అరచేతిలో పట్టేంత పిల్లలు సముద్రం వైపు పాకుతుంటే దారిలో టైరు గాడి అడ్డం వస్తుంది. మనకు చీలమండ లోతు, దానికి గోడ. అందులో పడ్డ పిల్ల గాడి వెంటే పోతుంది, పీతో కాకో ఎదురొచ్చేదాకా. పక్కనే రిసార్టు బోర్డు: "ప్రకృతి ఒడిలో పరవశించండి."

సరైన దారి లేదా అంటే ఉంది. వెస్ట్ వర్జీనియాలో 2000లో మొదలైన హాట్‌ఫీల్డ్-మెకాయ్ బాటలు ఇప్పుడు వెయ్యి మైళ్ళు దాటాయి. అక్కడ భూమి చాలావరకు బొగ్గు, కలప కంపెనీలది. ముందు వాళ్ళను అడిగారు, ఒప్పందాలు రాసుకున్నారు, బాటలు గుర్తించారు, పర్మిట్ పెట్టారు. గనులు మూతపడి డీలాపడ్డ ఊళ్ళలో హోటళ్ళకు బేరం వచ్చింది. పైగా హాట్‌ఫీల్డ్‌లు, మెకాయ్‌లు ఎవరనుకున్నారు? పంతొమ్మిదో శతాబ్దంలో తుపాకులతో ఒకరినొకరు చంపుకున్న రెండు కుటుంబాలు. ఆ పేర్లు పెట్టుకున్న గడ్డ మీదే బండి ఎక్కడ పోవాలో ఎక్కడ పోకూడదో ఒప్పందానికి వచ్చారంటే, ప్రాస్పర్‌లో పెద్దమనిషికి అడిగి వెళ్ళడం ఎందుకంత నామోషీ?

కనక షోరూములకు నాదొక సూచన. లోను కాగితాల్లో ఇంకో గడి చేర్చండి: నడపబోయే స్థలం, దాని యజమాని సంతకం. అది నింపలేనివాడు గంటల లెక్కన అద్దెకిచ్చే పార్కుకు పోయి సరదా తీర్చుకుని, బండి అక్కడే వదిలి ఇంటికి రావచ్చు. ట్రైలర్, ట్రక్కు, స్టోరేజీ అన్నీ మిగులు. వ్యాపారం పడిపోతుందని భయమక్కర్లేదు, రైతులు కొంటూనే ఉంటారు. ఇక ఖాళీ నేల కనిపిస్తే బండి తిప్పడం జన్మహక్కని వాదించేవారితో నాకు తగువు లేదు. మీ ఇంటిముందు నెలనెలా డబ్బు పోసి పెంచుతున్న పచ్చిక కూడా ఖాళీగానే కనిపిస్తోంది. నా బండిని దానిమీద ఓ అరగంట తిప్పనివ్వండి, ఆ తర్వాత స్వేచ్ఛ గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.